కత్తెరకు ముందు

కొత్త గుడ్డ తెస్తే వెంటనే కోయను.
రాత్రంతా నీళ్ళలో నానేసి
వల్పరాయీసో సముద్రపు గాలికి ఆరేసి
కుంగాల్సినంతా కుంగాకే
సుద్దముక్క పట్టుకుంటాను.
ముప్పై ఏళ్ళుగా ఇదే పద్ధతి,
గుట్ట మీద నీలం తలుపుల కుట్టుకొట్లో.

మరి నా ఒంటి దగ్గరకొచ్చేసరికి
అంత తొందర ఎక్కడ పుట్టిందో!

అరవై రెండు కిలోలు పోయాయి.
నాలో ఇద్దరం ఉండేవాళ్ళం, ఒకతె వెళ్ళిపోయింది,
వెళ్తూ వెళ్తూ తన గౌను నా మీదే వదిలేసింది.
పొట్ట కింద వేలాడే మడత,
చేతుల కింద ఖాళీ సంచులు,
జనవరి ఎండకి మడతల్లో మంట, పౌడరు, మళ్ళీ మంట.
గుట్టెక్కించే పెట్టెబండి చెడిపోయిన రోజు
మెట్లెక్కుతుంటే
నా చర్మం నాకంటే అర క్షణం వెనక ఎక్కేది.

చెల్లెలు ఒతీలియా ఒక ఫోన్ నంబరు తెచ్చింది.
సరిహద్దు అవతల, సగం ధర,
పొట్ట, చేతులు, తొడలు, రొమ్ములు
అన్నీ ఒక్క పూటలో, హోటల్ గది ఉచితం.
బిస్కెట్ల డబ్బాలో డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.
ఫోన్ చేసి ఒక్కటే అడిగాను:
మత్తు ఇచ్చేది ఎవరు?
"మా దగ్గరకొచ్చిన వాళ్ళంతా సంతోషంగా ఉన్నారు మేడం."
నేను అడిగింది అది కాదు.
డబ్బా మూత పెట్టేశాను.

డాక్టర్ ఉర్రుతియాది చిన్న ఆకారం, చల్లటి చేతులు.
నేను గుడ్డని పట్టి చూసినట్టే
నా మడతని రెండు వేళ్ళ మధ్య పట్టి చూసింది.
బరువు ఎన్నాళ్ళుగా నిలకడగా ఉంది?
నాలుగు నెలలు.
చాలదు.
సిగరెట్లు?
రోజుకి మూడే.
మూడూ మానండి, కుట్టు అంచుకి నెత్తురు అందాలి.
రక్తంలో ఇనుము తక్కువట, మాంసకృత్తులూ తక్కువట.
కడుపు కుదించుకున్నదాన్ని, గుప్పెడు తింటే నిండిపోతుంది;
ఆ గుప్పెట్లో ఏముండాలో
నాకెవరూ చెప్పలేదు.

"మీ ఇంట్లో ఎవరికైనా కాల్లో రక్తం గడ్డకట్టిందా?"
లేదు, అనబోయి ఆగాను.
దొరీలా పిన్ని.
బాలింతగా ఉండగా పిక్క ఉబ్బింది,
తొమ్మిదో రోజు గిన్నె కడుగుతూ పడిపోయింది.
దిష్టి అన్నారు. ఆ మాటే నమ్మి పెరిగాను.
డాక్టర్ కలం ఒక్క క్షణం ఆగింది,
ఆ తర్వాత నెమ్మదిగా, పెద్ద అక్షరాల్లో రాసుకుంది.

అన్నీ ఒకేసారి కుదరదంది.
ముందు పొట్ట. ఆరు నెలలాగి చేతులు.
తొడల సంగతి అప్పుడు చూద్దాం.
మచ్చ మాత్రం ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా,
అది పోదు, ఇప్పుడే చెబుతున్నాను, అంది.
నాకు నవ్వొచ్చింది.
కుట్టు కనపడని బట్ట
ఈ చేతుల్తో నేను మాత్రం ఎన్ని కుట్టాను?

ఇప్పుడు పొద్దున గుడ్డు, రాత్రి చిక్కుళ్ళు,
సిగరెట్టు బదులు నోట్లో పుదీనా కాడ.
సోమవారం సోమవారం మందుల షాపు తూకం ఎక్కుతాను.
అదే అంకె. ఆ పై వారమూ అదే.
మొదట్లో ఏడుపొచ్చేది, ఇప్పుడదే శుభవార్త.

పక్కింటి రిగొబెర్తో పది రోజులు చూసుకుంటానన్నాడు.
గొట్టాల్లోంచి కారేది కొలిచి రాయాలంటే
ముఖం పాలిపోయింది గానీ
మర్నాడు రొట్టెతో పాటు గీతల పుస్తకం కొనుక్కొచ్చాడు.
మొదటి పేజీలో నా పేరు, తప్పుగా.
నేను దిద్దలేదు.

చేతులెత్తకుండా తొడుక్కునేలా
ముందువైపు తెరుచుకునే గౌను కుట్టుకుంటున్నాను.
పక్క కుట్టు లోపల
రెండు వేళ్ళ గుడ్డ మిగిల్చాను.
ఏమో, ఎవరికి తెలుసు.