సొంత దస్తూరి

నా మొదటి తీర్పు ఒక బావి మీద,
కందుకూరు మునసబు కోర్టులో.
మాలకొండయ్యకు మూడు రోజులు, చెల్లెలు చెంచమ్మకు నాలుగు,
నీళ్ళ వంతు పంచాను.
చదువుతుంటే గొంతు వణికింది.
బంట్రోతు సుభానీ ఒక్కడే కనిపెట్టి
మంచినీళ్ళ గ్లాసు కాస్త ఇటు జరిపాడు.

ఆ తర్వాత గూడూరు, దర్శి, ఉదయగిరి.
ట్రంకుపెట్టె మీద ఊరి పేరు కొట్టేసి
ఊరి పేరు రాసుకుంటూ పోయాను.
ఎవరి పెళ్ళిపందిట్లోనూ విస్తరి ముందు కూర్చోలేదు.
దోసకాయలు బేరమాడలేదు,
అమ్మే మనిషి రేపు బోనెక్కవచ్చు.

రిటైరవడానికి పందొమ్మిది రోజులుందనగా
ఒంగోలులో, నా బల్ల మీదికి
అదే బావి అప్పీలు.
రెండుసార్లు కొట్టుపడి, రెండుసార్లు లేచి,
చచ్చినవాళ్ళ చోట వారసుల్ని కలుపుకుని వచ్చింది.
అంచులు చెదలు తిన్నా
సాక్షుల వాంగ్మూలమంతా నా చేతిరాతే;
ఇప్పటి నాకంటే నిటారుగా నిలబడ్డ అక్షరాలు.
కమిషనర్ నివేదికలో ఒకే ముక్క:
బావి పూడింది, సర్కారు తుమ్మ మొలిచింది.

నా తీర్పు నేను వినరాదు.
ఇంకో కోర్టుకు పంపమని రాసి తలెత్తాను.
మూడు పిలుపులకు
చెంచమ్మ మనవడొకడే వచ్చాడు, చంకలో హెల్మెట్.
"ఆ బావి ఎప్పుడైనా చూశావా?"
"చూళ్ళేదు సార్.
వాయిదాలకు వస్తుంటానంతే."