సజ్జా

షార్జా దాటినంక ఇసుకల
ఈ ఇండస్ట్రియల్ ఏరియా పేరు సజ్జా.
మా మేస్త్రీల భాషల సజ్జా అంటే
కిటికీ నెత్తిన, నీడకోసం పోసే పలక.
ఇక్కడ నీడ లేదు,
పలకలు పోసేది మేమే.

జూన్ పదిహేను నుంచి సెప్టెంబర్ పదిహేను,
పన్నెండున్నర నుంచి మూడు దాకా
ఎండల పని చేయించొద్దని ఈ దేశపు చట్టం.
ఆ రెండున్నర గంటలే నా కోచింగ్ సెంటర్.
అశోక్‌నగర్ల మంచానికి అద్దె కట్టలేక వచ్చినోణ్ని,
ఇక్కడ ప్లైవుడ్ షీటు కింద
మంచం లేదు, అద్దె లేదు.

గ్రూప్-టూ పరీక్ష నవంబర్లనట.
నీడ సెప్టెంబర్లనే అయిపోతది.

నెలవారీ కరెంట్ అఫైర్స్, నూట నలభై రెండు పేజీలు.
చార్జింగ్ ముప్పై ఒకటి.
పక్కన కోరుట్ల ఆశన్న, చదువు అయిదు,
లబన్ ప్యాకెట్టు పంటితో చింపి
ఫోన్ గుంజుకుంటడు: "ఇటియ్యి, నేనడుగుత."
సైకిల్ నేర్చే పిల్లగాడు గోడ పట్టుకున్నట్టు
ఒక్కో అక్షరం పట్టుకొని నడుస్తడు.

"వ...లసల చట్టం ఏ సంవ...త్సరం?"
"పందొమ్మిది వందల ఎనభై మూడు."
"నేను పుట్టిన యేడు. అప్పటిసంది గదేనా?"
"కొత్తది ముసాయిదాల ఉన్నది."
"ముసాయిదా అంటే?"
"సెంట్రింగ్ కొట్టిండ్రు. కాంక్రీటు ఇంక పొయ్యలె."
"ఓహో," అని తలూపుతడు,
ఈ ఒక్క జవాబు నాకంటే ఎక్కువ అర్థమైనట్టు.

ఆశన్న పాస్‌పోర్టు ఈసీఆర్.
నాది డిగ్రీ, ఈసీఎన్నార్.
నడుమ ఒక్క ఎన్ను.
పొద్దుగాల ఆరింటికి పదహారు ఎంఎం రాడ్డుకు
చెరో కొస పట్టుకుంటం.
అది నడిమిట్ల వంగుతది,
ఎవని దిక్కు ఎక్కువ అని చూడదు.

"ప్రవాసులకు ఓటు హక్కు... ఉన్నదా?"
"ఉన్నది. ఫారం సిక్స్-ఏ."
"ఈడనే వేస్తమా?"
"ఊరికి పోయి మన బూత్లనే వెయ్యాలె."
ఆశన్న వేళ్ల మీద లెక్క కడతడు:
టికెట్టు, సెలవు, కోసే జీతం.
"గట్లయితే నాది పదమూడు వందల దిర్హాముల ఓటు.
ఏ పార్టోడూ కొనలేడు పో!"
నాలుగు ఆప్షన్లల ఇది లేదు.

మదద్ పోర్టల్ ఏ మంత్రిత్వ శాఖ కిందిది?
ఈ బిట్టు నేను చదువలేదు.
ఫిబ్రవరిల పోశెట్టికి రావలసిన నాలుగు నెలల జీతం కోసం
రాత్రి రెండింటికి ఫారం నింపింది నేనే.
పాస్‌వర్డు వాని బిడ్డ పేరు, చివర ఒకటి రెండు మూడు.
వాడు ఊరికి పోయిండు.
స్థితి ఇప్పటికీ: పరిశీలనలో ఉంది.

ఆశన్న కన్నంటుకున్నంక
సిమెంటు బస్త కాయితం మీద
వడ్రంగి పెన్సిలుతో పెద్ద ప్రశ్న మొదలువెడత.
గల్ఫ్ కార్మికుల సంక్షేమంలో ప్రభుత్వ పాత్రను విశ్లేషించండి.
ఉపోద్ఘాతం. గణాంకాలు. సవాళ్లు.
"వారిలో చట్టాలపై అవగాహన కొరవడింది" అని రాసి
ఆగిన.
వారు.
ఆశన్న మడిమ పగుళ్లల్ల సున్నం లెక్క సిమెంటు.
కొట్టేద్దామనుకున్న.
మోడల్ ఆన్సర్ల అట్లనే ఉన్నది,
కొట్టేస్తే మార్కులు పోతయి.
ఉంచిన.

ఫోర్‌మన్ హమ్దీ విజిల్.
ఫోన్ల రెండూ నలభై. చార్జింగ్ పంతొమ్మిది.
జరిమానా మనిషికి అయిదు వేల దిర్హాములు, తెలుసు.
ఫిర్యాదు చేసే నంబరు తెలుసు,
చూడకుండ చెప్తా.
నెగెటివ్ మార్కులు లేవని ఎవరన్నరు?

ఆశన్న కండ్లు నలుపుకుంట లేస్తడు.
"ఏందిరా, అప్పుడే మూడయిందా?"

"అయింది," అన్న.