పిన్ను పోట్లు

పుస్తకాలు తిరిగొచ్చాక
నేను ముందు ఇసుక దులుపుతాను.
గలీసియా తీరంలో ఏ ఇంటికి వెళ్ళొచ్చినా
పుస్తకం కాస్త ఇసుక, కాస్త సార్డీన్ వాసన మోసుకొస్తుంది.
మా లైబ్రరీలో దానికి జరిమానా లేదు.

సబేలా కూతురు ఉషీయా తెచ్చేవాటిలో మాత్రం
ఇంకోటి కూడా ఉంటుంది:
పేజీల అంచున వరసగా సన్నటి బెజ్జాలు.

చేపల డబ్బాలకి మూతలు బిగించడం సబేలా ఉద్యోగం.
ఇంటికొచ్చినా ఆ చెయ్యి ఊరుకోదు.
రాత్రి షిఫ్టు దిగి, రెప్పలు వాలిపోతున్నా
పిల్లకంటే ముందు తనే చదువుతుంది.
ముద్దు దగ్గర ఒక పిన్ను,
చావు దగ్గర రెండు,
దేవుణ్ణి ఎవరైనా తిడితే మూడు.
టీవీ రిమోట్ ఎప్పుడూ ఆప్రాన్ జేబులోనే.

"పధ్నాలుగేళ్ళ పిల్లకి అన్నీ ఎందుకు?" అంటుంది నాతో.
"చేప మంచిదే. ముల్లు తియ్యకుండా పెడతామా?"

పుస్తకం పాడుచేసినందుకు జరిమానా రాయాలి నేను.
రాయలేదు.
ఒకటి చూశాను, అదీ చెప్పలేదు:
బెజ్జాలున్న పేజీలే బాగా నలిగి ఉంటాయి,
వేలిముద్రలన్నీ అక్కడే.
పిల్లకి వెతుక్కునే శ్రమ లేకుండా
తల్లే గుర్తులు పెట్టిచ్చింది.

నవ్వకండి. నేనూ తక్కువదాన్నేం కాదు.
మా ఆన్షోకి పదమూడేళ్ళప్పుడు
వారపత్రికలోంచి ఒక ఫొటో కత్తిరించేశాను.
యుద్ధం, కూలిన గోడ,
గోడ కింద ఒక పిల్లాడి చెప్పు.
ఆ కంతలోంచి వాడు
నా మొహంకేసి చాలాసేపు చూశాడు.
ఏమీ అడగలేదు.
తర్వాత కూడా, ఏదీ, ఎప్పుడూ.

ఫిబ్రవరిలో, మూడు రోజులు గాలి తగ్గని వారం,
శనివారం పొద్దున నేనింకా కిటికీలు తెరుస్తున్నాను,
ఉషీయా వచ్చింది.
దినపత్రికల బల్ల దగ్గర రెండు నిమిషాలు.
టక్. టక్. టక్.
నా స్టేప్లరే.
వెళ్ళిపోయింది, గొడుగు మర్చిపోయి.

ఐదో పేజీ.
పిన్నుల సందులోంచి కనిపించినంతలో
'ఐర్లాండ్‌కి పడమర', 'ఆరుగురిని',
ఒక పడవ పేరులో చివరి మూడక్షరాలు.
వాళ్ళ నాన్న బ్రెయ్‌షో
జనవరి నుంచీ ఆ నీళ్ళలోనే ఉన్నాడు.

పదకొండింటికి సబేలా వచ్చింది,
ఎప్పట్లాగే వాతావరణం చూడ్డానికి.
ఫోన్ నిన్నట్నుంచీ చచ్చిందట,
చార్జర్ ఎక్కడా కనబడట్లేదట.
అంటూనే పేజీ తిప్పబోయింది.
బొటనవేలు అంచుమీద నడిచి, ఆగింది.
రెండు వేళ్ళకొక పిన్ను,
వంకర లేకుండా, మూలల్లో జంటగా.
తను నేర్పని పని, తన పద్ధతిలోనే.

తల ఎత్తలేదు.
"ఎంత భయమేసుంటుందో
ఒక్కతే చదివినప్పుడు," అంది.

పిన్నులు పీకే పనిముట్టు ఇచ్చాను.
తీసుకుంది కానీ అక్కడ తెరవలేదు.
పత్రిక మడిచి చంకలో పెట్టుకుని
(బయటికి తీసుకెళ్ళకూడదు, రూలుంది)
పిల్ల గొడుగూ పట్టుకుని
రేవు వైపు నడిచింది.

చేపల వేలం షెడ్డు గోడవారన
ఒకే గొడుగు, నాలుగు మోకాళ్ళు, మధ్యలో తెల్లగా పత్రిక.
ఎవరు ఏ పిన్ను తీశారో
నా కిటికీలోంచి కనబడలేదు.

ఆ సాయంత్రం ఆన్షోకి ఫోన్ చేశాను.
వాడు వీగోలో ఓడలకి అతుకులు వేస్తాడు,
ముప్పై దాటాయి.
"నీ చిన్నప్పుడు ఒక ఫొటో..." అని ఆగిపోయాను.
అవతల వెల్డింగ్ చప్పుడు, కాసేపు.

"ఎడంకాలిదమ్మా," అన్నాడు.