నలభై ఆరో లంకె

స్టోరు రిజిస్టరులో ఈ ఆట పేరు ఎక్కడా లేదు.
"సర్వే గొలుసు, ఇరవై మీటర్లది, ఒకటి" అని ఉంటుంది,
పక్కన శనివారం తేదీ, సెల్వనాయగం మాష్టారి సంతకం,
సోమవారం తిరిగి ముట్టినట్టు నా పొడి అక్షరాలు.
ఏడేళ్ళ చరిత్రకి మిగిలిన రాతకోతలు ఇవే.

మాది చిన్న కాలేజీ. కె.ఆర్. పురంలో
టైర్ల గోదాము మీద రెండంతస్తులు.
క్రికెట్టుకి మమ్మల్ని ఎవరూ పిలవరు.
పిలవని పేరంటం మనకెందుకని మాష్టారు
ఎవరూ ఆడని ఆటొకటి పట్టుకొచ్చాడు,
అమెరికా ఫుట్‌బాలు, కాళ్ళతో కన్నా చేతులతోనే ఎక్కువ.
బంతి పనసగింజ ఆకారం.
కిందపడితే ఎటు ఎగురుతుందో దానికే తెలీదు.

"నాలుగు కాలేజీల కప్పు" అని చెక్కించాం.
మొదటేడు వచ్చినవి మూడే.
మూడో ఏటికి ఆరయ్యాయి. పేరు మార్చలేదు,
చెక్కిన కూలి దండగవుతుందని.

మొదట్లో బైకు హెల్మెట్లు.
మరుసటేడు శివాజీనగర్ దర్జీ రహమతుల్లా
పాత పరుపుల స్పాంజి కోసి భుజాలు కుట్టిచ్చాడు.
తొడుక్కున్న ప్రతివాడూ
ఇంట్లోంచి బీరువా మోసుకొస్తున్నట్టు నడిచేవాడు.

నా పని గొలుసు.
నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు జరగాలి.
జరిగితే మళ్ళీ నాలుగు, లేకపోతే బంతి అవతలివాళ్ళది.
పది గజాలంటే నలభై అయిదు లంకెలూ ఒక ముక్కా.
ముక్కకి గుడ్డ ఎలా కడతాం?
నలభై ఆరో లంకెకి కట్టాను, ఎర్రది.

నాలుగో ఏడు ఫైనలు.
హొసకోటె పాలిటెక్నిక్ రెండు పాయింట్లు వెనక.
ఆఖరి ప్రయత్నం. మాలూరు కుర్రాడు మునివెంకట,
తెల్లారుజామున టమాటా పెట్టెలు దించి వచ్చేవాడు,
మావాళ్ళని ముగ్గుర్ని నడుముకి వేలాడేసుకుని
ఈడ్చుకుంటూ, ఈడ్చుకుంటూ వచ్చి పడ్డాడు,
బంతిని పొట్టకింద పొదుగుతున్న పెట్టలా.

"గొలుసు!" అని కేక.
నేనూ మరిగౌడా పరిగెత్తాం. లాగి బిగించాం.
బైయప్పనహళ్లి వైపు గూడ్సు బండి ఒకటి
పెట్టె తర్వాత పెట్టె, పోతూనే ఉంది.
బంతి ముక్కుకీ ఎర్రగుడ్డకీ మధ్య
రెండు వేళ్ళ సందు.

ఆడినవాళ్ళని వదిలేసి మావాళ్ళు నన్నెత్తుకుని తిప్పారు.
పైనుంచి చూస్తే మునివెంకట ఇంకా అక్కడే ఉన్నాడు,
గడ్డి పోచలు పీకి, మళ్ళీ అక్కడే పెడుతూ.

జూన్‌లో లాబుకి కొత్త స్టీలు టేపు వచ్చింది.
ఊరికే, పనేం లేక, గొలుసు పక్కన పరిచి చూశాను.
ఎర్రగుడ్డ దగ్గర రెండంగుళాల పావు ఎక్కువ.
వేళ్ళు పెట్టి చూసుకున్నాను. నా వేళ్ళే.
అంగుళంన్నర కూడా లేవు.

మాష్టారికి చెప్పాను.
టీ మీద మీగడ చాలాసేపు ఊదుకుని
"అందరికీ అదే గొలుసు కదా ఓబులేసూ" అన్నాడు.
నిజమే. అందరికీ అదే.
ఆ ఏడూ నలభై ఆరుకే కట్టాను,
మారిస్తే ఎందుకు మార్చావని అడుగుతారని.

ఏడో ఏడు మెట్రో వాళ్ళు మైదానం కొలవడానికొచ్చారు.
మూడు కాళ్ళ మీద దుర్బిణి, మీట నొక్కితే అంకె.
వాళ్ళకి గొలుసు అక్కర్లేదు.
గోలు పైపులు పాత ఇనుముకి పోయాయి.
కప్పులో ప్రిన్సిపాలు పెన్నులు పెట్టుకుంటాడు.

ఈ నెలాఖరుకి నా రిటైర్మెంటు.
పనికిరాని సామాన్ల జాబితాలో పదకొండోది గొలుసు.
కారణం గడిలో "తుప్పు" అని రాస్తే సరిపోయేది.
"నలభై ఆరో లంకె దగ్గర కొలత ఎక్కువ.
మాలూరు మునివెంకట దాటాడు" అని రాశాను.

ఆడిటరు కళ్ళజోడు పైకి తోసి, ఇదేంటన్నాడు.
కొట్టెయ్యమన్నాడు.
కొట్టేశాను, రూలు ప్రకారం ఒకే గీత,
కింది అక్షరాలు చదవడానికి వీలుగా,
పక్కన నా పొడి సంతకంతో.