ఆనుకోని రేకు

అనంతపురం, మే నెల, రాత్రి పదకొండు.
పగలైతే ఓల్టేజీ ఊగుతుందని
కొలత రాత్రికి పెట్టుకున్నాను.

పెన్సిలు ముల్లులోని నలుపే ఇది.
టేపు అంటించి పీకి, మళ్లీ అంటించి పీకి,
ఒక్క పరమాణువు మందానికి దిగేసరికి
నా గోళ్లన్నీ నల్లబడ్డాయి.
వెంట్రుకలో ఇరవయ్యో వంతు కందకం మీద
రెండు గట్లూ పట్టుకుని
గాలిలో నిలబడిందా రేకు.

దాని నడుమ పచ్చటి లేజరు చుక్క పెడతాను.
వేడి గట్లకేసి పరుగెడుతుంది.
ఎంత జోరుగా పారిపోతే
నడుమ అంత తక్కువ కాగుతుంది.
తెర మీద ఒక శిఖరం
కాగినకొద్దీ ఎడమకు జరుగుతుంది, రవ్వంత.
ఆ రవ్వంతే నా లెక్క.
వేరే థర్మామీటరు తాకిస్తే
ఉన్న వేడంతా అదే తాగేస్తుంది.

చిల్లరులో నీళ్లు మార్చడానికి హుస్సేనప్ప వచ్చాడు.
సాయంత్రాలు గడియారస్తంభం దగ్గర
సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు.
"బోర్డుకి కరెంటిచ్చి పెదవి ఆనిస్తా మేడం.
సచ్చిన చిప్పు యాడుందో సుర్రుమని చెప్తాది."
పైపెదవి మీద మచ్చ చూపించాడు.
"ఈ మిషన్ ఎంతన్నారు? కోటిన్నరా?"

రాగికి నాలుగు వందలు.
నా రేకుకి రెండువేల తొమ్మిది వందలు.
మూడుసార్లు చూశాను, అంతే.
రెండో రేకు ఆరు వందల దగ్గర ఆగిపోయింది.
సూక్ష్మదర్శినిలో చూస్తే, పాపం,
వంగి కందకం అడుగుకి అతుక్కుపోయింది.
కింద ఏదో ఒకటి ఆనితే చాలు
దీని పరుగు పోతుంది.
రేపు చిప్పులో దీన్ని ఎక్కడ పరుస్తారో,
దేనికీ ఆనకుండా ఎట్లా పరుస్తారో
నా థీసిస్‌లో ఇంకా ఖాళీ పేజీ.

కరెంటు పోయింది.
యూపీయస్ కాసేపు కీచుమని ఊరుకుంది.

వరండాలో కడప బండల మీద వాలాను.
వీపులోని మే నెల మెల్లగా రాతిలోకి దిగుతోంది.
ఒకటి, రెండు, మూడు...
నూట నలభై లెక్కపెట్టేసరికి బండ వెచ్చబడింది.
పక్క బండ మీదికి పొర్లాను.
అక్కడ నూట ముప్పై.
ఇది ఏ పట్టికలోనూ రాయలేను.

మెట్ల మీద హుస్సేనప్ప బీడీ నిప్పు.
టార్చి వేసుకుందామని తీస్తే
నా ఫోను కుంపటిలా ఉంది.
"ఇట్లియ్యండి" అని అందుకున్నాడు.
వెనక మూత ఊడదీసి
చీకట్లోనే పెదవికి ఆనించి
ఒక్క క్షణం ఆగి,
"చార్జింగు ఐసీ" అన్నాడు.