రెండు చుక్కలు

పోలియో చుక్కలు కావు.
పక్కపక్కనే రెండు, వెనక ఒక వాలుగీత.
అర్థం: ఒక మెట్టు పైకెక్కి చూడు.

ఇంత చిన్న సంగతి తెలియడానికి నాకు
ఆటోనగర్లో మే నెల రాత్రి ఒకటి పూర్తిగా ఖర్చయింది.

కింద నాగుల్ మీరా గారి లారీ బాడీ షెడ్డు.
పైన రేకుల గదిలో మేం,
ఇనపరేకు ఎక్కడ కొయ్యాలో మిషనుకు చెప్పే ప్రోగ్రాములు రాసేవాళ్ళం.
పాత కంప్యూటరు ఎండకి ఊపిరి వదిలేలా ఉంటే
సరుకంతా కొత్తదాన్లోకి దించాను, ఒక్క ఫైలు పోకుండా.
లెక్క సరిపోయింది.
ఒక్క పనిముట్టూ పలకలేదు.

తెర మీద పేర్లన్నీ ఉన్నాయి
బెంజి సర్కిల్ సిగ్నల్లా ఎర్రగా, కదలకుండా.
పిలిస్తే మాత్రం
"అలాంటి ఫైలు గానీ ఫోల్డరు గానీ లేదు."

ఎటు చూపిస్తున్నాయో ఒక్కోటీ విప్పి చూశాను.
వేరు దగ్గర మొదలెట్టి
హోమ్, దాని కింద దానియేలు, దాని కింద టూల్స్...
నూట పద్నాలుగు లింకులు
నూట పద్నాలుగూ దానియేలు ఇంటి మీదుగానే.
అతను దసరాకి ముందే మానేశాడు,
తెనాలిలో వాళ్ళ బావతో కలిసి ఇన్వర్టర్లు అమ్ముతున్నాడు.
కొత్త మిషన్లో అతనికి ఇల్లే లేదు.
ఫోన్ చేస్తే నవ్వాడు:
"పూర్తి అడ్రసు రాస్తే ఎవరూ తప్పిపోరనుకున్నా అక్కా."

నాకు రైవస్ కాలవ గట్టు గుర్తొచ్చింది.
డోర్ నంబరుతో సహా కంఠతా వచ్చిన మా అడ్రసు.
గట్టు ఖాళీ చేయించాక కూడా
బ్యాంకు ఉత్తరాలు ఆ నంబరుకే వెళ్ళేవి,
గుర్రపుడెక్క సంతకం పెట్టి తీసుకునేదేమో.
అమ్మ మాత్రం అందరికీ ఒకటే చెప్పేది:
"సైదమ్మ బడ్డీ కొట్టు. దాని వెనకే."
జక్కంపూడి బ్లాకుల్లోకి మారినా ఆ మాట చెల్లింది,
సైదమ్మ మా సామాన్ల ట్రక్కులోనే వచ్చింది మరి,
బడ్డీతో సహా.

ఒంటిగంటకి ఫ్లాస్కు పట్టుకుని మెట్లెక్కొచ్చారు నాగుల్ మీరా గారు.
లింకంటే ఏంటో నాకు చేతనైనట్టు చెప్పాను.
ఆయన కిటికీలోంచి సగం కట్టిన బాడీ చూపించారు.
"టూల్ బాక్సు ఎక్కడ బిగించాలో షెడ్డు గోడ నుంచి కొలిస్తే
బండి గేటు దాటాక ఆ కొలత ఎవడికి కావాలమ్మా?
ఛాసిస్ నుంచి కొలుస్తాం.
కట్టేది ఇక్కడ, తిరిగేది ఒరిస్సా."

తిరగరాశాను.
దానియేలు పేరున్న చోటల్లా రెండు చుక్కలు.
బిన్‌లోంచి ఒక మెట్టు పైకి, పక్కనున్న లిబ్‌లోకి.
ఫోల్డరుకి ఫోల్డరే ఎత్తి ఇంకో డిస్కులో పెట్టి పిలిచాను.
పలికాయి.

ఆ ఊపులోనే ఒక తప్పు చేశా.
ఒక్క లింకుని విడిగా తీసి
చేతికందేలా నా ఫోల్డర్లో పెట్టుకున్నా.
అదీ బుద్ధిగా మెట్టెక్కింది, పక్క తలుపు కొట్టబోయింది.
అక్కడ పక్కిల్లు లేదు.

మూడో ఏడు సైదమ్మ కూతురి దగ్గరికి కొండపల్లి వెళ్ళిపోయింది.
రెండు నెలలు మా ఇంటికి గ్యాసు బండ రాలేదు.

ఆ ఒక్కదానికీ మళ్ళీ వేరు నుంచి పూర్తి దారి రాశా.
బ్యారేజీ ఎక్కడంటే ఫలానా కొట్టు పక్కన అని ఎవరంటారు?

తెల్లారింది. కింద వెల్డింగు మొదలైంది.
ఈ మిషన్లో ఇప్పుడు నాకూ ఒక ఇల్లుంది, నా పేరుతో.
దాని మీదుగా ఎవరికీ దారి పెట్టలేదు.