నాలుగింటికి మరియా

అచావో రేవులో ముసురు పట్టి మూడో రోజు.
స్టూడియో కిటికీ సందులో అట్టముక్క దోపి
దోన్ బెలార్మినో గొంతును
నలభై సెకన్ల ముక్కలుగా కోస్తున్నాను.

ముప్పై ఏళ్లుగా ఆయన చదివే కబుర్లే అవి,
రేవులో ఉన్నవాళ్లు దీవుల్లో వాళ్లకి పంపే మాటలు.
"కెనాక్‌లో రోసాల్బాకి: కాన్పు అయింది, ఇద్దరూ క్షేమం,
గొర్రెల్ని పై దొడ్లోకి తోలు."
"ఉలీసెస్ ఎక్కడున్నా సరే,
జెనరేటర్ బెల్టు తెచ్చి వాళ్లమ్మకి ఇవ్వాలి."
కబురు ఒక్కరిదే,
చెవి మాత్రం దీవి దీవంతా ఒగ్గేది.

ఇప్పుడు దీవులకి సిగ్నలొచ్చింది.
రేడియోల్లో బ్యాటరీలు చెమ్మకి ఉబ్బిపోయాయి.
అందుకని నేను.
గొంతుకి ఒక నీలం గీత,
గీత కింద తెల్లటి అక్షరాలు,
వెనకాల ఎప్పుడూ ఒకటే ఫోటో, ఎర్ర పడవ.
ఎవరిదని అడగొద్దు, ఎప్పుడో అమ్మేశారు.
మాట లేస్తే గీత లేస్తుంది.
ఆయన కళ్లజోడు సర్దుకునే చోట
గీత పడుకుంటుంది.
సాంతియాగోలో చదువుకొచ్చిన మేనేజరు
ఆ చోటు కత్తిరించెయ్యమంది.
సెకనున్నర. నేను కత్తిరించలేదు.

అక్షరాలు యంత్రం కొడుతుంది.
దానికి రాజధాని మాట వచ్చు,
మేం సగం మింగేసే హల్లులు రావు.
లానా అంటే లూనా అని వింటుంది,
రెండు బస్తాల ఉన్ని పంపమంటే
రెండు బస్తాల చంద్రుణ్ణి పంపమంటుంది.
చాలావరకు పట్టుకుంటాను.
బుధవారం రాత్రి మాత్రం
నిద్ర వచ్చి రెప్పల మీద కూర్చుంది.

ఆయన అన్నది ఇదీ:
"గురువారం నాలుగింటికి మరేయా దిగుతుంది,
బూట్లు తెచ్చుకోండి."
మరేయా అంటే ఆటుపోట్ల నీరు.
అది వెనక్కి తీస్తే పడవ గట్టుకి ఆనదు,
బురదలో దిగి నడవాలి. అంతే కబురు.

తెర మీద పడింది ఇదీ:
గురువారం నాలుగింటికి మరియా దిగుతుంది,
బూట్లు తెచ్చుకోండి.

అందరూ ఫోను నోరు నొక్కే చూస్తారు కదా,
ఇంట్లో పసివాడు నిద్రపోతుంటాడు,
లేదా పొయ్యి మీద కెటిల్ కూస్తుంటుంది.
ఆయన సరిగ్గా పలికిన మాట
ఎవరి చెవినా పడలేదు.

కెనాక్‌లో ఏ ఇంటికైనా ఒక మరియా ఉంది,
చేపల ఫ్యాక్టరీకో, పెళ్లికో, కోపంతోనో
నీళ్లు దాటి పోయిన మరియా.
గురువారం మూడున్నరకే గట్టు నిండిపోయిందట.
చేతికో జత బూట్లు.
అత్తగారు కొలత తెలియక రెండు జతలు తెచ్చిందట.
ఏ మరియా అని ఎవరూ ఎవర్నీ అడగలేదట,
అడిగితే తమది కాకుండా పోతుందేమోనని.

పడవ వచ్చి యాభై గజాల అవతలే ఆగింది.
అందులో ఒక పశువుల డాక్టరు, ఇద్దరు టీచర్లు,
సిమెంటు బస్తాలు, ఒక పుంజు.
మరియా లేదు.
కాసేపు తిట్టుకున్నారు, నన్నే.
ఆ తర్వాత ఎవరో నవ్వి
బూట్లు పడవలోకి విసిరారు.
ఊళ్లో మరియాల బూట్లేసుకుని
డాక్టరూ టీచర్లూ బురద దాటారు.

ఒక్క జత మిగిలింది.
ఎర్మెలిందా చేతిలోది, తొమ్మిదేళ్ల పిల్ల పాదం కొలత.
ఆ జత సంగతి దీవిలో అందరికీ తెలుసు,
సిమెంటు బస్తాలు దించడంలో పడ్డారు.

రాత్రికే దిద్ది మళ్లీ పెట్టాను.
పొద్దున ఎర్మెలిందా రాసింది.
ఆవిడకి ఇరవయ్యో ఏటే చెవులు పోయాయి,
ముప్పై ఏళ్లుగా కబుర్లన్నీ
పక్కవాళ్ల పెదాల మీద చూసి తెలుసుకున్న మనిషి.
ఎవరి సాయమూ లేకుండా
తనంతట తాను చదివిన మొదటి కబురు
నా తప్పు.

"కొత్తది సరిగ్గా ఉందమ్మా నయాదెత్.
పాతది కూడా నాకొకటి పంపు.
ఆ నీలం గీతే బెలార్మినో గొంతా?
ఇంకా సన్నగా ఉంటుందనుకున్నాను."

పంపాను.

ఇవాళ మళ్లీ మరేయా, ఆరింటికి.
యంత్రం మళ్లీ మరియా అంది.
వేలు మీట మీద పెట్టి
సెకనున్నర ఆగి
దిద్దాను.